ఫిలడెల్ఫియాలో 1915 నాటి రోహౌసా, కొత్త లగ్జరీ కాండోనా?

స్కూల్‌కిల్_ఒడ్డు:

నమస్కారం అండీ. మొదటి ఇల్లు కొనబోతున్నాం. వెతగ్గా వెతగ్గా రెండు మిగిలాయి, రెండింటికీ పోలికే లేదు.

ఒకటి సౌత్ ఫిల్లీలో 1915లో కట్టిన ఇటుక రోహౌస్, అంటే పక్కిళ్లతో గోడలు కలిసిన వరస ఇల్లు. రెండంతస్తులు, కింద బేస్‌మెంట్. వెడల్పు 15 అడుగులు, లోపల 1,150 చదరపు అడుగులు. అడుగుతున్నది 4,10,000 డాలర్లు. కిచెన్ ఈమధ్యే కొత్తగా చేశారు, తక్కినదంతా పాతదే. బాత్రూమ్ మేడమీద ఒక్కటే. రేడియేటర్ హీటింగ్, కిటికీ ఏసీలు.

రెండోది నార్దర్న్ లిబర్టీస్‌లో 2023లో పూర్తయిన ఏడంతస్తుల కాండో బిల్డింగ్, అంటే ఫ్లాట్లు విడివిడిగా కొనుక్కునేది. 84 యూనిట్లు, మేం చూసింది నాలుగో అంతస్తులో. 1,050 చదరపు అడుగులు, రెండు బాత్రూములు, ఒక పార్కింగ్. 5,25,000 డాలర్లు, పైన నెలకు 640 హెచ్‌ఓఏ (ఓనర్ల సంఘానికి కట్టే నిర్వహణ రుసుము). పర్మిట్ 2021లోనే తీసుకున్నారట, పదేళ్ల ట్యాక్స్ అబేట్‌మెంట్‌లో (కొత్త కట్టడానికి ఇచ్చే ఆస్తిపన్ను మినహాయింపు) ఇంకా ఏడేళ్లు ఉందని ఏజెంట్ అంటున్నారు. కొన్ని యూనిట్లు ఇంకా బిల్డర్ చేతిలోనే ఉన్నాయి.

ఇద్దరం హెచ్-1బి. డౌన్‌పేమెంట్ 20 శాతం వరకు ఇవ్వగలం. కనీసం ఎనిమిదేళ్లు ఉంటాం. అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా ఆర్నెల్లు ఉంటారు, నాన్నగారికి మోకాళ్ల నొప్పి. సుత్తి పట్టుకోవడం కూడా రాని మనుషులం అని దృష్టిలో పెట్టుకుని చెప్పండి. పాతదాన్లో ఏం పాడవుతుంది, కొత్తదాన్లో ఏం దాగి ఉంటుంది?

ఇటుక_సున్నం:

పాతది, కొత్తది అన్న లెక్క పక్కన పెట్టండి. రిపేరు డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, ఎప్పుడు ఖర్చు పెట్టాలో ఎవరు తేలుస్తారు, అదీ తేడా. రోహౌస్‌లో రెండూ మీరే. కాండోలో రెండూ ఓనర్ల సంఘం బోర్డు. కాండో కాగితాల సంగతి తెలిసినవాళ్లు రాస్తారు, నేను ఇటుకల వైపు చెబుతాను.

ఇక్కడి రోహౌస్‌లో నేలల దూలాలు ఒక ఉమ్మడి గోడ నుంచి అవతలి ఉమ్మడి గోడకు వేసి ఉంటాయి. ఇంటి బరువంతా ఆ రెండు గోడల మీదే. ముందు గోడ, వెనక గోడ ఎవరి బరువు వారు మోసుకుంటూ నిలబడతాయి, వాటిని లోపలికి పట్టి ఉంచేది పెద్దగా ఏమీ ఉండదు. అందుకే వందేళ్లకు ముందు గోడ బయటికి ఉబ్బుతుంది. ఎదురుగా నిలబడి చూస్తే కనబడదు. గోడకు చెంప ఆనించినట్టు నిలబడి పైకి చూడండి. మేడ కిటికీల కింద పొట్ట కనబడితే మామూలు హోమ్ ఇన్‌స్పెక్టర్ చాలడు, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవాలి. గోడ మీద నక్షత్రం ఆకారపు ఇనప బిళ్లలుంటే కంగారు పడకండి, ఎప్పుడో ఉబ్బిన గోడను రాడ్లతో దూలాలకు బిగించారన్నమాట. ఆ తర్వాత కదలిక ఆగిందా లేదా అన్నదే ప్రశ్న. పగులు లోపల దుమ్ము, పాత పెయింటు చేరి ఉంటే అది పాతది. అంచులు పదునుగా, లోపల ఇటుక రంగు తాజాగా ఉంటే ఇంకా కదులుతోంది.

తర్వాత ఇటుకల మధ్య కీళ్లు. ఆనాటి ఇటుక మెత్తనిది, సున్నంతో కట్టినది. గోడలోకి చేరిన తేమ సున్నపు కీళ్ల గుండా బయటికి పోతుంది. ఎవరైనా ఆ కీళ్లను గట్టి సిమెంటుతో తిరిగి నింపితే (రీపాయింటింగ్) తేమకు ఆ దారి మూసుకుపోయి ఇటుక ముఖం గుండానే రావాల్సి వస్తుంది. చలికాలంలో అక్కడే గడ్డకట్టి ఇటుక పైపొర రేకులుగా ఊడుతుంది. కీళ్లు మాత్రం బూడిదరంగులో గట్టిగా నిలబడి, వాటి మధ్య ఇటుకలు లోపలికి గుంటలు పడి ఉంటే జరిగింది ఇదే. ఒకసారి పైపొర పోయిన ఇటుకను మార్చాల్సిందే, మందు లేదు. వాటర్‌ప్రూఫ్ పెయింటు వేసినా ఇదే కథ. సరైన పని అంటే పాత కీలు వెడల్పుకు కనీసం రెండు, రెండున్నర రెట్ల లోతు తీసి, టైప్ ఓ అనే మెత్తటి మోర్టార్ గానీ సహజ హైడ్రాలిక్ సున్నం గానీ నింపడం. కాంట్రాక్టర్ ఏ మోర్టార్ వాడతాడో కొటేషన్‌లో రాయమనండి. ‘మామూలుదే’ అన్నాడంటే ఇంకొకర్ని చూసుకోండి.

పైకప్పు చదునుగా కనిపించినా వెనక్కి కొద్దిగా వాలి ఉంటుంది. దాదాపు 15 అడుగులు, 45 అడుగులు, అంటే 700 చదరపు అడుగుల్లోపే. పెద్ద ఖర్చేం కాదు, కానీ రెండు విషయాలు అడగండి. ఎన్ని పొరలున్నాయి? ఇప్పటికే రెండు ఉంటే మూడోది వేయడానికి కోడ్ ఒప్పుకోదు, అంతా పీకి కొత్తగా వేయాలి. పక్కింటి కప్పుతో కలిసే చోట ఫ్లాషింగ్, అంటే నీళ్లు దిగకుండా వేసే రేకు, ఎలా ఉంది? నీళ్లు దిగేది కప్పు మధ్యలోంచి తక్కువ, ఆ అంచు దగ్గరే ఎక్కువ. మేడమీద బెడ్రూమ్ సీలింగ్ ఉమ్మడి గోడను కలిసే మూలల్లో గోధుమరంగు మరకలు వెతకండి. ఇల్లు చూపించడానికి ముందు అక్కడ ఒక్కచోటే కొత్తగా తెల్లరంగు కొట్టి ఉంటే అదీ ఒక మరకే అనుకోండి.

మురుగు పైపు. మీ ఇంటి నుంచి వీధి మధ్యలోని మెయిన్ దాకా ఉన్న పైపు మీ సొంతం, బాగుచేయించడం మీ బాధ్యత. ఈ వయసు ఇళ్లకు టెర్రాకోటా లేదా క్యాస్ట్ ఐరన్ ఉంటుంది. టెర్రాకోటా అతుకుల్లోకి చెట్టు వేళ్లు దూరతాయి. కెమెరా ఇన్‌స్పెక్షన్ విడిగా అడిగి చేయించుకోవాలి, మామూలు ఇన్‌స్పెక్షన్‌లో అది రాదు. కెమెరా మెయిన్ దాకా వెళ్లిందా, కర్బ్ ట్రాప్ (ఫుట్‌పాత్ అంచు కింద పైపులో ఉండే వంపు) దగ్గరే ఆగిందా అని తప్పకుండా అడగండి, సగం రిపోర్టులు అక్కడే ఆగుతాయి. పైపు పాడైందని వాటర్ డిపార్ట్‌మెంట్ నోటీసు ఇస్తే హెల్ప్ అనే వడ్డీలేని లోన్ ఉంది, ఐదేళ్లలో కట్టుకోవచ్చు.

నీళ్ల పైపు బేస్‌మెంట్ ముందు గోడలోంచి మీటర్‌కు వచ్చే చోట తాళం చెవితో గీరండి. మెత్తగా గీరుకుని వెండిలా మెరిసి, అయస్కాంతం అంటుకోకపోతే సీసం. అయస్కాంతం అంటితే గాల్వనైజ్డ్ ఇనుము. రాగి నాణెం రంగులో ఉంటుంది. సీసమైతే వీధి నుంచి మీటర్ దాకా మొత్తం మార్చాలి. సగం మారిస్తే కదిలించిన మిగతా సగం నుంచి కొన్నాళ్లు సీసం ఇంకా ఎక్కువ దిగుతుంది.

కరెంటు సంగతి బేస్‌మెంట్ సీలింగ్‌లో తేలుతుంది. దూలాలకు తెల్ల పింగాణీ గుబ్బలు, వాటి మధ్య విడివిడి వైర్లు కనబడితే నాబ్ అండ్ ట్యూబ్ అనే పాతకాలపు వైరింగ్. గుబ్బలున్నంత మాత్రాన వైరులో కరెంటు ఉన్నట్టు కాదు, చాలాచోట్ల డెడ్ చేసి వదిలేస్తారు. టెస్టర్‌తో చూపించమనండి. నడుస్తూ ఉంటే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు పాలసీయే ఇవ్వవు. ప్యానెల్ 100 ఆంపియర్లయితే రెండు మినీ స్ప్లిట్ ఏసీలు, ఎలక్ట్రిక్ స్టవ్, డ్రయ్యర్ అన్నీ కలిపి లోడ్ లెక్క వేయించాలి. మేడమీది పాత గోడల వెనక వైరింగ్ ఎవరూ తెరిచి చూడరు కాబట్టి, కొత్త కిచెన్ చూసి ఇల్లంతా అలాగే ఉందనుకోవద్దు. సిటీ అట్లాస్ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే ఎల్ అండ్ ఐ (సిటీ లైసెన్సులు, తనిఖీల శాఖ) పర్మిట్లు, వయొలేషన్లు కనిపిస్తాయి. కిచెన్‌కు ఎలక్ట్రికల్, ప్లంబింగ్ పర్మిట్లు లేకపోతే ఆ పని ఎవరు చేశారో దేవుడికే తెలియాలి.

బాత్రూమ్ కింద దూలాలు కూడా చూడాలి. డ్రెయిన్ పైపు దించడానికి ప్లంబర్లు దూలాలను కోసేస్తారు. పైన గానీ కింద గానీ కోత దూలం లోతులో ఆరో వంతు దాటకూడదు, మధ్య మూడో భాగంలో అసలు ఉండకూడదు. 8 అంగుళాల దూలానికి అది అంగుళంన్నర కూడా కాదు. టబ్ పక్కన నేల మీద గోలీ పెట్టి చూడండి, ఎటు పరిగెడుతుందో.

1978కి ముందు కట్టింది కాబట్టి సీసం పెయింటు ఉందనే అనుకోండి. ఫెడరల్ చట్టం ప్రకారం దాన్ని పరీక్షించుకోవడానికి మీకు 10 రోజులు ఇవ్వాలి. పైకి కిందికి జరిపే పాత చెక్క కిటికీలే అసలు సమస్య, తెరిచి మూసినప్పుడల్లా రాపిడికి దుమ్ము రాలుతుంది.

ఇంకొక్కటి. పక్కన ఖాళీ స్థలం గానీ, పడిపోయేలా ఉన్న ఇల్లు గానీ ఉందా? రేపు అక్కడ తవ్వితే మీ ఉమ్మడి గోడ పునాది కదులుతుంది. అలాగే పాత వాగుల మీద బూడిద పోసి కట్టిన చోట్లు ఊళ్లో ఉన్నాయి. ఉత్తరాన లోగన్‌లో వింగోహాకింగ్ వాగు మీద కట్టిన వీధులు కుంగిపోయి దాదాపు వెయ్యి ఇళ్లు ఖాళీ చేయించారు. మీరు చూస్తున్న బ్లాక్ కింద పాత వాగు ఉందా అన్నది పాత మ్యాపుల్లో చూసుకోవచ్చు.

రిజర్వ్_ఫండ్:

కాండో వైపు. ముందు ఒక మాట తేల్చుకోండి: ఆ యూనిట్ బిల్డర్ నుంచి కొంటున్నారా, మొదటి ఓనర్ దగ్గరా? మీ హక్కులన్నీ దాన్ని బట్టే.

బిల్డర్ దగ్గర కొంటే పెన్సిల్వేనియా యూనిఫామ్ కాండోమినియం చట్టం కింద పబ్లిక్ ఆఫరింగ్ స్టేట్‌మెంట్ (బిల్డింగ్ వివరాలన్నీ చెప్పే పత్రం) ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో కారణం చెప్పకుండా కాంట్రాక్ట్ రద్దు చేసుకోవచ్చు. యూనిట్‌లో నిర్మాణ లోపాలకు రెండేళ్ల వారంటీ మీ కొనుగోలుతో మొదలవుతుంది. ఓనర్ దగ్గర రీసేల్‌గా కొంటే సంఘం లెక్కలు, నిబంధనలు చెప్పే రీసేల్ సర్టిఫికెట్ వస్తుంది, అది చేతికొచ్చాక రద్దు చేసుకోవడానికి ఐదు రోజులే టైం. రెండేళ్ల వారంటీ ఆ మొదటి ఓనర్ కొన్న రోజు నుంచే నడుస్తుంది కాబట్టి ఈపాటికి అయిపోయి ఉండొచ్చు. బిల్డింగ్ 2023లో పూర్తయితే కామన్ ఏరియాల వారంటీ కూడా దాటిపోయి ఉంటుంది. పేరుకే కొత్తది, వారంటీ లేని కొత్తది.

ఇక 640 గురించి. బిల్డర్ అమ్ముకునే రోజుల్లో హెచ్‌ఓఏ కావాలనే తక్కువ పెడతారు. బోర్డు ఓనర్ల చేతికి వచ్చాక మొదటి బడ్జెట్‌లోనే అసలు లెక్క బయటపడుతుంది. 75 శాతం యూనిట్లు అమ్ముడైన 180 రోజుల్లోగా బిల్డర్ బోర్డును వదులుకోవాలి. అది జరిగిందా, ఎప్పుడు జరిగింది, ఆ సమయంలో ఓనర్లు సొంతంగా ఇంజినీర్‌ని పెట్టి ట్రాన్సిషన్ స్టడీ (కట్టడంలో లోపాల తనిఖీ) చేయించారా అని అడగండి. చేయించి ఉంటే ఆ రిపోర్ట్ చదవండి, బ్రోషర్‌లో ఉండనివన్నీ అందులో ఉంటాయి.

కాగితాల్లో నేను మొదట తెరిచేది మీటింగ్ మినిట్స్, రెండేళ్లవి. బడ్జెట్ కన్నా నిజం అక్కడే ఎక్కువ. ‘కిటికీ లీక్’, ‘బాల్కనీ’, ‘సీలెంట్’, ‘గ్యారేజీలో నీళ్లు’, ‘లాయర్’ అన్న మాటలు వెతకండి. ఒకే వైపున్న యూనిట్లలో ఒకే రకం లీకులు వస్తుంటే అది పొరపాటు కాదు, ఆ వైపు మొత్తం ఫ్లాషింగ్ తప్పు వేశారు. లాయర్ మాట వస్తే అసోసియేషన్ బిల్డర్ మీద కేసు వేయబోతోందేమో. నిర్మాణ భద్రత మీద కేసు నడుస్తుంటే చాలా బ్యాంకులు ఆ బిల్డింగ్‌కి లోన్లు ఆపేస్తాయి. అప్పుడు మీరు అమ్మాలన్నా కొనేవాడు నగదుతోనే రావాలి.

తర్వాత రిజర్వ్, అంటే పెద్ద రిపేర్లకు సంఘం దాచే డబ్బు. 84 యూనిట్లూ 640 చొప్పున కడితే ఏడాదికి 6,45,120 డాలర్లు. ఇళ్ల లోన్లను బ్యాంకుల నుంచి కొనే ఫ్యానీ మే సంస్థ చాలాకాలంగా అడుగుతున్న కనీసం 10 శాతం లెక్కన అందులో 64,512 రిజర్వ్‌కి పోవాలి. అది చాలుతుందా అన్నది రిజర్వ్ స్టడీ చెబుతుంది. లిఫ్టులు, రూఫ్, గ్యారేజీ పూత, ఫైర్ పంపు, ఒక్కోదానికి ఎన్నేళ్లు మిగిలింది, ఎంత డబ్బు ఉండాలి, ఎంత ఉంది. ఉండాల్సినదాంట్లో 70 శాతం పైన ఉంటే బాగున్నట్టు, 30 శాతం లోపైతే స్పెషల్ అసెస్‌మెంట్ (ఓనర్ల నుంచి అదనపు వసూలు) ఖాయమనుకోండి. ఉదాహరణకు 8,40,000 డాలర్ల ముఖభాగం పని వచ్చి రిజర్వ్ ఖాళీగా ఉంటే సగటున యూనిట్‌కి 10,000. పైగా ఈ ఊళ్లో ఆరు, అంతకుమించి అంతస్తులున్న బిల్డింగులకు ఐదేళ్లకోసారి బయటి గోడల ఇన్‌స్పెక్షన్ తప్పనిసరి. ఏడంతస్తులు కాబట్టి మీది అందులోకి వస్తుంది, ఆ ఖర్చు బడ్జెట్‌లో ఉందో లేదో చూడండి.

2021 జూన్ 24న ఫ్లోరిడా సర్ఫ్‌సైడ్‌లో కాండో కూలి 98 మంది పోయాక లెండర్లు ఈ ప్రశ్నలు గట్టిగా అడుగుతున్నారు. వాయిదా వేసిన రిపేర్లు ఏమున్నాయని అసోసియేషన్‌కి ఫారం పంపుతారు. అసోసియేషన్ సరిగ్గా నింపకపోతే మీ క్లోజింగ్ (ఇల్లు మీ పేరుకు మారడం) ఆగుతుంది.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. బిల్డింగ్ మొత్తానికి సంఘం తీసుకునే మాస్టర్ పాలసీ గోడల లోపల దేన్ని కవర్ చేస్తుంది? కొన్ని ఉత్తి గోడల వరకే, కొన్ని బిల్డర్ ఇచ్చిన క్యాబినెట్లు, ఫ్లోరింగ్ దాకా. మీ యూనిట్‌కి మీరు తీసుకునే హెచ్‌ఓ-6 పాలసీ ఆ మిగతా భాగానికి సరిపోవాలి. మాస్టర్ పాలసీ డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇచ్చేముందు మనమే భరించే మొత్తం) 25,000 అనుకోండి. మీ వాషింగ్ మెషిన్ గొట్టం తెగి కింద మూడిళ్లు తడిస్తే ఆ 25,000 మీ మీద వేయొచ్చని చాలా కాండోల డిక్లరేషన్లలో (బిల్డింగ్ నిబంధనల పత్రం) ఉంటుంది. మామూలు హెచ్‌ఓ-6లో సంఘం మీ మీద వేసే ఖర్చుకిచ్చే లాస్ అసెస్‌మెంట్ కవరేజీ 1,000 మాత్రమే. దాన్ని పెంచే ఎండార్స్‌మెంట్‌కి అయ్యేది తక్కువే, కానీ మాస్టర్ డిడక్టిబుల్‌కి కూడా అది వర్తిస్తుందని రాతపూర్వకంగా తీసుకోండి.

స్కూల్‌కిల్_ఒడ్డు:

ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. యూనిట్ రీసేలే, ఇప్పుడే కనుక్కున్నాను. అంటే వారంటీ పోయినట్టే. ఇంకో రెండు సందేహాలు. ఒకటి చప్పుడు: రోహౌస్‌లో పక్కింటి గోడ, కాండోలో పైవాళ్ల అడుగులు, ఏది నయం? రెండోది పోపు ఘాటు. కాండో కిచెన్‌లో హుడ్ ఉంది గానీ గొట్టం ఎటు పోతుందో కనబడలేదు.

చిమ్నీ_చూసేవాడు:

గొట్టం కనబడలేదంటే లేనట్టే. కొత్త కాండోల్లో చాలావరకు రీసర్క్యులేటింగ్ హుడ్లే. పొగను బొగ్గు ఫిల్టర్ గుండా లాగి మళ్లీ మీ ముఖానికే వదులుతాయి. నూనె ఆవిరిని కొంత పడతాయి, ఎండుమిర్చి ఘాటుని ఆపలేవు. పరీక్ష సులువు: హుడ్ ఆన్ చేసి దాని పైభాగంలో, క్యాబినెట్ ముందువైపు చెయ్యి పెట్టండి. గాలి అక్కడ తగిలితే బయటికి పోవట్లేదు. తర్వాత మార్చుకుందాం అనుకోకండి, బయటి గోడ కామన్ ఎలిమెంట్ (అందరి ఉమ్మడి ఆస్తి), రంధ్రం పెట్టడానికి బోర్డు ఒప్పుకోవడం అరుదు. రోహౌస్‌లో కిచెన్ వెనకవైపు ఉంటుంది కాబట్టి వెనక గోడలోంచి 6 అంగుళాల గట్టి డక్ట్ తీస్తే సరిపోతుంది. ముడతల గొట్టం వాడనివ్వకండి, గాలి సగం ఆగి నూనె పేరుకుంటుంది. హుడ్ లాగే గాలి 400 సీఎఫ్‌ఎమ్ (నిమిషానికి ఘనపు అడుగులు) దాటితే బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా కోడ్ అడుగుతుంది. పాత గ్యాస్ బాయిలర్ ఉన్న ఇంట్లో అది ఊరికే పెట్టిన నియమం కాదు, పెద్ద హుడ్ లాగుడుకి బాయిలర్ పొగ చిమ్నీలోంచి వెనక్కి ఇంట్లోకి వస్తుంది. 400 లోపే ఆగండి.

చప్పుడు. ఏడంతస్తుల బిల్డింగ్ అంటే కింద ఒకటి రెండు అంతస్తులు కాంక్రీట్, పైవి చెక్క ఫ్రేమ్ అయ్యే అవకాశం ఎక్కువ. మీ నాలుగో అంతస్తు ఏదో అడగండి. కోడ్ ప్రకారం ఇళ్ల మధ్య నేల సౌండ్ రేటింగ్ 50 ఉండాలి, కట్టాక కొలిస్తే 45 వచ్చినా పాసే. మాటలు, టీవీ ఆగుతాయి. మడమతో నడిచే ధబధబ మాత్రం తక్కువ ఫ్రీక్వెన్సీ, ఆ రేటింగ్‌లో సరిగ్గా పట్టుబడదు. చెక్క నేల మీద అంగుళం, అంగుళంన్నర జిప్సం కాంక్రీట్, దాని కింద రబ్బరు మ్యాట్ ఉంటే నయం. పైవాళ్లు ఇంట్లో ఉండే సాయంత్రం వేళ వెళ్లి పావుగంట మాట్లాడకుండా కూర్చోండి, శని ఆదివారాల ఓపెన్ హౌస్‌లో సంగీతం పెట్టి ఉంటారు.

రోహౌస్‌లో నెత్తిమీద ఎవరూ ఉండరు. చప్పుడు ఉమ్మడి గోడలో దూలాలు దిగిన గూళ్ల గుండా వస్తుంది, ఇటుకల గుండా కాదు. బేస్‌మెంట్‌లో ఆ గూళ్ల చుట్టూ ఖాళీలు మోర్టార్‌తో, సీలెంట్‌తో మూస్తేనే తేడా తెలుస్తుంది. అదీ చాలకపోతే బెడ్రూమ్ గోడకు విడిగా ఇంకో ఫ్రేమ్, డబుల్ డ్రైవాల్. 15 అడుగుల ఇంట్లో దానికి మూడు నాలుగు అంగుళాలు పోతాయి.

లోన్_లెక్కలు:

డబ్బు సంగతి. 6.5 శాతం, 30 ఏళ్ల లోన్ లెక్కన నెలకు 640 అంటే సుమారు 1,01,000 డాలర్ల అసలుకు కట్టే వాయిదా. అంటే ఆ కాండో బ్యాంకు దృష్టిలో 5,25,000 ఇల్లు కాదు, 6,26,000 ఇల్లు. ఏటా 4 శాతం పెరిగితే పదో ఏట హెచ్‌ఓఏ 911.

ప్రాపర్టీ ట్యాక్స్ 1.3998 శాతం. రోహౌస్ అసెస్‌మెంట్ (పన్ను కోసం సిటీ కట్టే విలువ) 3,60,000 అనుకుందాం. సొంతంగా ఉంటే హోమ్‌స్టెడ్ మినహాయింపు 1,00,000 పోను ఏడాదికి 3,639. కాండో అసెస్‌మెంట్ 5,00,000, అందులో భూమి వాటా 70,000 అనుకుంటే అబేట్‌మెంట్ ఉన్నన్నాళ్లు 980 మాత్రమే, ఎందుకంటే మినహాయింపు కట్టడానికే, భూమికి కాదు. అది అయిపోయిన ఏడాది హోమ్‌స్టెడ్ తీసుకున్నా 5,599. నెలకు 385 ఒక్కసారిగా పెరుగుతుంది. అబేట్‌మెంట్ ఉండగా హోమ్‌స్టెడ్ రాదు. ఏడేళ్లన్నది ఏజెంట్ మాట, సిటీ ప్రాపర్టీ వెబ్‌సైట్‌లో ముగిసే ఏడు చూసుకోండి. 2022 జనవరి తర్వాత పర్మిట్ అయితే అబేట్‌మెంట్ ఏటా 10 శాతం తగ్గుతూ పోయే రకం, అప్పుడు ఈ లెక్కంతా మారుతుంది. మీరు ఎనిమిదేళ్లుండి అమ్మే సమయానికి అబేట్‌మెంట్ ఉండదు, కొనేవాడు పూర్తి ట్యాక్స్ చూసే ధర చెబుతాడు. ఇప్పుడు మీరు ఇస్తున్న 5,25,000లో ఆ ఏడేళ్ల పొదుపు కూడా కలిపే ఉంది.

హెచ్-1బి వాళ్లకు 2025 మే 25 నుంచి ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ హామీ ఉన్న) లోన్లు లేవు, ఆ హామీ లేని కన్వెన్షనలే. కాండోకి అదనపు చార్జీ ఉంది: లోన్ విలువ ధరలో 75 శాతం దాటితే లోన్ మొత్తం మీద 0.75 శాతం, దాటకపోతే 0.125. 20 శాతం డౌన్ ఇస్తే 4,20,000 మీద 3,150. ఇంకో 26,250 సర్దగలిగితే అది 492కి దిగుతుంది. బిల్డర్ ఇంకా బోర్డులో ఉంటే లెండర్ దాన్ని కొత్త ప్రాజెక్టుగా చూసి ఎక్కువ కాగితాలు అడుగుతాడు. ఆఫర్ పెట్టకముందే ఆ బిల్డింగ్‌లో ఈమధ్య లోన్ ఇచ్చారా అని లెండర్‌ని అడగండి, ఒక ఫోన్‌తో తేలిపోతుంది.

ఇల్లు చేతులు మారినప్పుడు కట్టే ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ సిటీ, రాష్ట్రం కలిపి 4.578 శాతం, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ సగం సగం పంచుకోవడం అలవాటు. మీ వాటా రోహౌస్‌కి 9,385, కాండోకి 12,017. కాండోలో చేరేటప్పుడు అసోసియేషన్‌కి రెండు నెలల హెచ్‌ఓఏ కాపిటల్ కాంట్రిబ్యూషన్ కూడా అడుగుతుంటారు.

రోహౌస్‌కి హెచ్‌ఓఏ లేదని సంబరపడకండి. ఏడాదికి ధరలో 1.5 శాతం, అంటే 6,150, నెలకు 512 విడి ఖాతాలో వేయాలి. ఎవరూ నోటీసు పంపరు కాబట్టే జనం వేయరు. మురుగు పైపు, వైరింగ్ రెండూ బాగోలేవని తేలితే ఈ లెక్క చాలదు, ధరలో తగ్గించుకోవాలి.

నా ఓటు రోహౌస్‌కే, కానీ కెమెరా రిపోర్టు, ఇంజినీర్ రిపోర్టు బాగుంటేనే.

రిజర్వ్_ఫండ్:

ఓటు దగ్గర ఒప్పుకోను. సుత్తి పట్టుకోవడం రాదని ఆయనే చెప్పారు, నాన్నగారికి మోకాళ్లు. మేడమీద ఒక్కటే బాత్రూమ్ ఉన్న ఇంట్లో ఆర్నెల్లు ఆయన ఎలా ఉంటారు? మినిట్స్, రిజర్వ్ బాగుంటే కాండోలో లిఫ్టు ఎక్కి దిగడమే. లెక్కల్లో రాని సంగతి ఇది.

ఇటుక_సున్నం:

మోకాళ్ల మాట నిజమే, నేను వదిలేశాను. కానీ కింద చిన్న టాయిలెట్ పెట్టడం ఈ ఇళ్లలో మామూలు పనే. 3 అడుగులు, 5 అడుగుల చోటు చాలు. టాయిలెట్ మధ్యగీత నుంచి అటూ ఇటూ 15 అంగుళాలు, ముందు 24 వదలండి. అది ఎక్కడ వస్తుందన్నది మీ ఇష్టం కాదు, మురుగు పైపు ఇష్టం. బేస్‌మెంట్‌లో నిలువు పైపు ఎక్కడుందో చూసి దానికి దగ్గరగా, కిచెన్ వైపు పెట్టాలి. 3 అంగుళాల పైపు అడుగుకి పావు అంగుళం వాలుతో రావాలి. 12 అడుగుల దూరమైతే మూడు అంగుళాల దింపు, బేస్‌మెంట్ సీలింగ్ కింద అది తల తగలని చోట రావాలి. మెట్ల కింద ఖాళీ ఉంది కదా అని అక్కడ పెట్టి పైపు చాలకపోతే పంపు టాయిలెట్ అంటారు. అది చప్పుడు చేస్తుంది, కరెంటు పోతే పనిచేయదు. వద్దు. లైసెన్సున్న మాస్టర్ ప్లంబర్ పేరున పర్మిట్ తీయించండి.

స్నానం మాత్రం పైనే. మెట్ల వెడల్పు, మెట్టు ఎత్తు టేపుతో కొలవండి. ఎత్తు 8 అంగుళాలు దాటితే మోకాళ్లకి రోజూ కష్టమే. మెట్లు మలుపు లేకుండా నేరుగా ఉంటే పైకి తీసుకెళ్లే కుర్చీ నడిచే పట్టాను మెట్లకే బిగిస్తారు, గోడకు కాదు కాబట్టి పాత ప్లాస్టర్ గురించి బెంగ లేదు. మలుపు మెట్లయితే పట్టా కొలతకు చేయించాలి, ఖర్చు చాలా ఎక్కువ, అమ్మేటప్పుడు అక్కరకు రాదు. వీధి గుమ్మం ముందు పాలరాతి మెట్లు కూడా మూడో నాలుగో ఉంటాయి, మంచు పడ్డ రోజు వాటి సంగతి వేరు. రెండు వైపులా రెయిలింగ్ ఉందో లేదో చూడండి.

ఇవన్నీ కొలిచాక మలుపు మెట్లని తేలితే నేను కూడా రిజర్వ్_ఫండ్ గారి వైపే.

స్కూల్‌కిల్_ఒడ్డు:

మెట్లు నేరుగానే ఉన్నాయండీ, ఫొటోల్లో చూశాను. ఎత్తు శనివారం కొలుస్తాను. కెమెరా ఇన్‌స్పెక్షన్‌కి మనిషిని మాట్లాడాను. కర్బ్ ట్రాప్ దాటి వెళ్తావా అని అడిగితే, ట్రాప్ మూత తెరుచుకుంటే వెళ్తానన్నాడు. తెరుచుకోకపోతే?

ఇటుక_సున్నం:

ఫుట్‌పాత్ మీద కర్బ్ దగ్గర చిన్న ఇనప మూతలు చూడండి. ఒకటి గాలి గొట్టం, ఇంకొకటి ట్రాప్ శుభ్రం చేసే దారి. మూత తుప్పుపట్టి బిగిసిపోతే, లేదా ఎవరో కాంక్రీట్ పోసి కప్పేస్తే కెమెరా ఇంటి వైపు సగమే చూపిస్తుంది. అలాంటప్పుడు అమ్మేవాళ్ల ఖర్చుతో మూత తెరిపించి చూపించమని ఇన్‌స్పెక్షన్ గడువులోపే రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకోకపోతే అవతలి సగం పాడైందనే లెక్క వేసి ధర మాట్లాడండి. ప్లంబర్ దగ్గర ట్రాప్ నుంచి మెయిన్ దాకా మార్చడానికి కొటేషన్ ముందే తీసుకుని పెట్టుకోండి. వీధి తవ్వి మళ్లీ పూడ్చి తారు వేసే ఖర్చు అందులో కలిసి ఉందో లేదో చూసుకోండి, చాలా కొటేషన్లలో అది ఉండదు.